ఉద్దానం కర్రసాము, అబూధాబీ ఇనుప తాడు

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం నుంచి గల్ఫ్ దేశాలకు వెళ్లేవారిలో వెల్డర్లు, ఫిట్టర్లు, బరువులను తాళ్లు కట్టి ఎత్తించే రిగ్గర్లు ఎక్కువ. నేను కూడా 2007లో, ఏజెంటు అడిగిన సొమ్ము కోసం అమ్మ మెడలోని గొలుసు తాకట్టు పెట్టి, కవిటి దగ్గరి మా ఊరి నుంచి రిగ్గర్ సహాయకుడిగానే దుబాయి చేరుకున్నాను. ఇప్పుడు అబూధాబీలో సినిమాలకు, వ్యాపార ప్రకటనలకు స్టంట్ కోఆర్డినేటర్‌గా పనిచేస్తున్నాను. మా ఊళ్లో ఈ ఉద్యోగాన్ని ఫైట్ మాస్టర్ అంటారు. ఆ మాట తప్పు కాదు గానీ, నా పనిలో కొట్లాట పాలు తక్కువ. మనిషి ఎంత ఎత్తు నుంచి పడతాడు, ఎంత వేగంతో పడతాడు, అతణ్ణి ఏది ఆపుతుంది అన్న లెక్కే ఎక్కువ.

ఆ లెక్కకు పునాది సాము నేర్పే మా ఊరి గరిడీలో పడింది. మా గురువుగారు కర్రసాములో మొదటి ఆరు నెలలు కొట్టడం నేర్పలేదు. పూర్తి ఊపుతో తిప్పిన కర్రను ఎదుటివాడి కణతకు వేలెడు దూరంలో ఆపమనేవారు. తగిలితే ఆ రోజుకు కర్ర లాగేసుకొని పక్కన కూర్చోబెట్టేవారు. వీరఘట్టంలో పుట్టి, విజయనగరంలో వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేసిన మల్లయోధుడు కోడి రామమూర్తి నాయుడు గారి కథలు మాకు ఎన్నో చెప్పేవారు. ఛాతీపై ఏనుగును నిలబెట్టుకున్న కథ వచ్చినప్పుడు మేమంతా ఏనుగు బరువు ఎంతని అడిగేవాళ్లం. గురువుగారు మాత్రం ఏనుగుకూ ఛాతీకీ మధ్యన పరిచిన పలక గురించి చెప్పేవారు. పాదం ఒక్కచోట ఆనితే ఎముక విరుగుతుందనీ, పలక ఆ బరువును ఒళ్లంతా పంచుతుందనీ నేలమీద పుల్లతో గీసి చూపించేవారు. ఆ బొమ్మ అర్థమయ్యే వయసు నాకు అప్పటికి రాలేదు.

దుబాయిలో ఓడలు బాగుచేసే యార్డులో అది అర్థమైంది. ఒక బరువును రెండు స్లింగులతో, అంటే దాన్ని క్రేను కొక్కేనికి తగిలించే తాళ్లతో ఎత్తేటప్పుడు, వాటి మధ్య కోణం 120 డిగ్రీలకు చేరితే సగం సగం మోయవలసిన స్లింగుల్లో ఒక్కొక్కదాని మీదా మొత్తం బరువంత లాగుడు పడుతుంది. చూడటానికి తాడు అదే, బరువూ అదే. కట్టిన తీరు మారితే తెగిపోతుంది. మా ఊళ్లో పది చదివి మానేసిన నాకు ఈ ఒక్క విషయం మీద కలిగిన ఆసక్తి నా బతుకును మార్చింది. శుక్రవారాలు సెలవు కాబట్టి క్యాంపు ఆవరణలో కుర్రాళ్లకు కరాటే నేర్పుతూ, మిగిలిన సమయమంతా తాళ్లు, కప్పీలు, తాళ్లను కలిపి బిగించే ఇనుప కొండీలైన షాకిళ్ల పుస్తకాలు అక్షరం అక్షరం కూడబలుక్కొని చదివాను. 2010లో ఒక హాలీవుడ్ సినిమా కోసం 828 మీటర్ల బుర్జ్ ఖలీఫా అద్దాలమీద టామ్ క్రూజ్ పాకినప్పుడు మా క్యాంపులో అందరూ అతని ధైర్యం గురించే మాట్లాడుకున్నారు. నేను మాత్రం కొన్ని అద్దాలు తొలగించి, గోడలకూ నేలకూ రంధ్రాలు వేసి ఆ తాళ్లను బిగించిన మనుషులెవరా అని ఆలోచించాను. తెరమీద తాడును చెరిపేశారు, కట్టినవాడు అసలే కనబడడు.

నాలుగేళ్ల తరువాత మా కంపెనీ క్రేన్లను ఒక చిత్రీకరణకు అద్దెకిచ్చినప్పుడు వాటితో పాటు నన్నూ రెండు రోజులకు పంపారు. గాలిలోకి లేపిన ఫైటరును కిందికి దించే తాడు చివర పట్టుకోవడానికి ఒక మనిషి తక్కువయ్యాడు. నేను పట్టుకున్నాను. నేలకు జానెడు ఎత్తులో అతణ్ణి కుదుపు లేకుండా ఆపడం నా చేతులకు కొత్త పని కాదు, గరిడీలో వేలసార్లు చేసినదే. అక్కడి కోఆర్డినేటర్ మరునాడూ రమ్మన్నారు. ఏడాది తిరిగేసరికి వీసా మార్చుకొని ఆ బృందంలో చేరాను.

ఏళ్ల తరబడి సాధన చేసిన కరాటే మాత్రం మొదట్లో నాకు అడ్డం వచ్చింది. నిజమైన గుద్దు ఎదుటివాడికి కనిపించకూడదు. సినిమా గుద్దు హాలులో చివరి వరుసవాడికి కూడా కనిపించాలి. అందువల్ల సూటిగా, పొట్టిగా వచ్చే దెబ్బను మరచిపోయి, దూరం నుంచి తిప్పి తెచ్చే దెబ్బను నేర్చుకోవలసి వచ్చింది. కెమెరా, పిడికిలి, ముఖం ఒకే గీతలోకి వచ్చేలా నిలబడితే మధ్యలో అడుగు ఖాళీ ఉన్నా తెరమీద తెలియదు. ఆ ఖాళీని దెబ్బ తిన్నవాడి మెడ తిరుగుడు పూడుస్తుంది. కొట్టినవాడికన్నా తిన్నవాడి విద్యే గొప్పదని నేను ఇప్పటికీ నమ్ముతాను.

2016లో జరిగినదాన్ని చెప్పకుండా దాటవేయడం నాకు న్యాయంగా తోచడం లేదు. మందస వైపు నుంచి నేనే పిలిపించుకున్న ఒక కుర్రవాడు ఎనిమిది మీటర్ల ఎత్తు నుంచి గాలి పరుపుమీద పడాలి. ఆ ఎత్తు నుంచి పడిన మనిషి సెకనున్నర లోపే గంటకు సుమారు 45 కిలోమీటర్ల వేగంతో కిందికి చేరుతాడు. రిహార్సల్ బాగా జరిగింది. తరువాత పరుపు అంచు ఫ్రేములో పడుతోందని, దాన్ని ఒక మీటరు వెనక్కి జరపమని అడిగారు. నాకు మనసొప్పలేదు. "పరవాలేదన్నా, నేను చూసుకుంటాను" అని కుర్రవాడు అన్నాడు. వాడి మాటనే నా అనుమతిగా వాడుకున్నాను. వాడు పరుపు అంచుమీద పడ్డాడు. మడమ ఎముక విరిగింది. ఆ రాత్రి వాళ్ల అమ్మకు ఫోను చేసినప్పుడు ఆమె, "ఏటి నాయినా, నువ్వున్నావనే కదా పంపినాను" అన్న మాటకు నా దగ్గర జవాబు లేకపోయింది. గరిడీలో నాకు మొదట నేర్పినది ఆపడమే, ఆ రోజు ఆ పని నేను చేయలేదు. పై ఏడాది మరొక చిత్రీకరణలో ఇలాంటి కోరికే వచ్చినప్పుడు, కెమెరానైనా జరపండి లేదా షాట్‌నైనా మానుకోండి అని చెప్పాను. వాళ్లు నన్ను మళ్లీ పనికి పిలవలేదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను మా కొబ్బరి తోటను నేలమట్టం చేసి, ఇంటికి నా సంపాదన తప్ప మరో ఆధారం లేకుండా పోయినప్పుడు కూడా, వదులుకున్న ఆ పనికోసం నేను బాధపడలేదు.

ఆ కుర్రవాడు కోలుకొని, దూకడం మానేసి, ఇప్పుడు నా దగ్గరే రిగ్గింగ్ చూస్తున్నాడు. 2028లో జరిగే నూరవ ఉత్సవం నుంచి స్టంట్ రూపకల్పనకు కూడా ఆస్కార్ ఇస్తారన్న వార్త 2025లో నాకు చెప్పినది వాడే. మన జాతీయ పురస్కారాల్లో 2016 సంవత్సరపు చిత్రాలకే ఈ గుర్తింపు మొదలై, తొలిసారి ఫైట్ మాస్టర్ పీటర్ హెయిన్ గారికి దక్కిన సంగతి నేను వాడికి చెప్పాను. చాలా ఆలస్యంగానైనా ఆ గౌరవం రావడం నాకు ఎంతో సంతోషం కలిగించింది.

మనిషిని వేలాడదీసే ప్రతి షాట్‌కు ముందు తాళ్లనూ షాకిల్ పిన్నులనూ వాడు ఒకసారి, నేను ఒకసారి విడివిడిగా తడిమి చూస్తాం. మనిషి బరువుకు కనీసం పదిరెట్లు తట్టుకోలేని సరంజామా మా పెట్టెలోకి రాదు. పడిపోతున్న మనిషిని ఒక్కసారి పట్టి ఆపిన పట్టీని, చూపుకు ఎంత బాగున్నా, మళ్లీ వాడం. చిత్రీకరణ ముగిశాక వాడు దాన్ని రెండుగా కోసి నా చేతికిస్తాడు, నేను దాని నంబరు పుస్తకంలో కొట్టివేస్తాను.