కాలు ముందొచ్చింది, తలుపు ఏడేళ్ల తర్వాత తెరుచుకుంది

మా పెదనాన్నకి ఎడమ కాలు మోకాలి కింద నుంచి లేదని నాకు పదేళ్లొచ్చేదాకా తెలీదు. పంచె కట్టుకునేవాడు, పెళ్లిళ్లలో అందరితో పాటు బంతిలో బాసిపట్టు వేసుకుని కూర్చునేవాడు, మరి ఎలా తెలుస్తుంది? ఒకరోజు మధ్యాహ్నం మంచం పక్కన గోడకి ఆనించి ఉన్న కాలు చూశాను. గోధుమ రంగులో, వేళ్లతో సహా. నేను కెవ్వుమంటే ఆయన నవ్వి, "జైపూర్‌లో పెట్టించుకున్నాన్రా" అన్నాడు.

జైపూర్ ఫుట్ గురించి రాసేవాళ్లు చాలామంది 1968 దగ్గర మొదలుపెట్టి అక్కడే ఆగిపోతారు. ఆ ఊరి సవాయ్ మాన్‌సింగ్ ఆసుపత్రిలో రోగులకి చేతిపనులు నేర్పే రామచంద్ర శర్మ, ఎముకల డాక్టర్ పి.కె. సేఠీ కలిసి ఆ పాదాన్ని తయారుచేశారు. అంతకుముందు దొరికే విదేశీ రకం పాదానికి బూటు తొడగాల్సిందే, పైగా చీలమండ దగ్గర వంగదు. గొంతుక్కూర్చోవడం కుదరదు, నేలమీద కూర్చోవడం కుదరదు, వట్టి కాళ్లతో బురదలో దిగడం అసలే కుదరదు, ఇవేవీ కుదరనప్పుడు పొలం పని చేసుకునే మనిషికి అది దేనికి? మూలన పడేసి మళ్లీ చంక కర్రలే పట్టుకునేవాళ్లు. శర్మ గారి సైకిల్ టైరు పంక్చరైతే, ఆ షాపులో పాత టైరుకి కొత్త రబ్బరు అతికించడం చూసి ఆయనకి ఐడియా వచ్చిందని చెబుతారు. మడమకీ పాదం ముందు భాగానికీ స్పాంజి రబ్బరు, చీలమండ దగ్గర చెక్క, వీటన్నిటికీ కలిపి పైన రబ్బరు చుట్టి అచ్చులో పెట్టి ఉడికించడం. 1981లో మెగసెసే అవార్డు డాక్టరు గారికి వచ్చింది. శర్మ గారికి రాలేదు. నాకిది ఇప్పటికీ మింగుడుపడదు.

సరే, కాలు వచ్చేసింది. తర్వాతి ఏడేళ్లలో అది అందింది మాత్రం చాలా కొద్దిమందికే. నన్నడిగితే అసలు కథ ఇక్కడే ఉంది. 1975లో డి.ఆర్. మెహతా అనే ఐఏఎస్ అధికారి జైపూర్‌లోనే భగవాన్ మహావీర్ వికలాంగ్ సహాయతా సమితిని పెట్టారు. (తర్వాత షేర్ మార్కెట్ల మీద అజమాయిషీ చేసే సెబీకి ఛైర్మన్ అయింది ఈయనే.) అంతకు కొన్నేళ్ల ముందు రోడ్డు ప్రమాదంలో ఆయన కాలు నుజ్జయి, తీసేయాల్సి వస్తుందేమో అన్నదాకా వెళ్లింది. సమితి వచ్చాక పాదమేమీ మారిపోలేదు, మారింది వచ్చిన మనిషిని చూసుకునే పద్ధతి. ఏ వేళ వచ్చినా చేర్చుకోవాలి, కాలుతో పాటు తిండీ పడకా కూడా ఉచితం. కూలి మానుకుని, అప్పుచేసి ఛార్జీలు పెట్టుకుని వచ్చినవాణ్ణి "వచ్చే వారం రా" అంటే వాడు మళ్లీ రాడు, అంతే కదా!

తయారీ కూడా ఆ తొందరకి తగ్గట్టే ఉంటుంది. మొండి కాలికి ప్లాస్టర్ కట్టు వేసి అచ్చు తీస్తారు, అందులో పోతపోసి అదే ఆకారం తెస్తారు, నీళ్ల పైపులకి వాడే హెచ్‌డీపీఈ అనే గట్టి ప్లాస్టిక్ గొట్టాన్ని ఓవెన్‌లో మెత్తబరిచి దాని మీదికి లాగుతారు. చల్లారాక పాదం బిగించి, రెండు కడ్డీల మధ్య నడిపిస్తారు. మొదట్లో గొట్టం బదులు అల్యూమినియం రేకుని సుత్తితో కొట్టి వంచేవాళ్లు. ప్రమాదంలో కాలు పోయిన నర్తకి సుధా చంద్రన్ మళ్లీ నాట్యం చేసింది జైపూర్ కాలుతోనే, మనవాళ్లలో చాలామందికి ఆ పేరు ఆవిడ వల్లే తెలిసింది. మందుపాతరలకి కాళ్లు పోగొట్టుకున్న అఫ్గానిస్తాన్ వాళ్లకీ ఇదే ఆసరా అయింది. దీనికి పేటెంట్ లేదు, ఎవరైనా చేసుకోవచ్చు.

లోపాల్లేవని కాదు. బరువని పెదనాన్న రోజూ తిట్టుకునేవాడు, ఎండాకాలం చెమటకి లోపలంతా ఒరుసుకుపోయి రెండేసి రోజులు విప్పి పక్కన పెట్టేవాడు.

పాదం అరిగిపోతే రెండోసారి ఒక్కడే వెళ్లాడు. రైలు లేటై, జైపూర్‌లో ఆ గేటు దగ్గరికి చేరేసరికి అర్ధరాత్రి దాటిందట. హిందీ ముక్క రాదు. వాచ్‌మన్ ఏదో అడిగితే మాట్లాడకుండా పంచె పైకెత్తి చూపించాడట. వాడు చేతిలో సంచీ అందుకుని లోపలికి నడిచాడు, మంచం చూపించాడు, ఇంకేమీ అడగలేదు.