మానిటర్‌లో కనిపించే ముఖం

కుర్చీలో కూర్చోగానే ఆవిడ అడిగిన మొదటి మాట, “అమ్మా, మేకప్ కొంచెం తెల్లగా కనిపించేలా వెయ్యవూ?”

ఆవిడ ఫిజిక్స్ లెక్చరర్. ముప్పై ఏళ్ళుగా క్లాసులో పాఠాలు చెప్తున్నారు కానీ కెమెరా ముందు చెప్పడం ఇదే మొదటిసారి. చామనఛాయ కంటే ఇంకాస్త ముదురు రంగు, కళ గల ముఖం, కళ్ళద్దాలు, కళ్ళ కింద బాగా నలుపు. “మీ రంగులోనే వేస్తాను మేడమ్. చూసి నచ్చకపోతే మొత్తం తుడిచేసి మళ్ళీ వేస్తాను” అన్నాను. ఒప్పుకున్నారు, అరమనసుతోనే.

పదకొండేళ్ళ క్రితం ఈ పనిలోకి వచ్చిన కొత్తలో ఎవరు ఎలా అడిగితే అలా వేసేదాన్ని. ఒకసారి వార్తలు చదివే అమ్మాయికి తన రంగు కంటే రెండు షేడ్లు తెల్లటి ఫౌండేషన్ వేశాను. మేకప్ గది అద్దంలో బాగానే ఉంది. సెట్‌లోకి వెళ్ళి లైట్లు వేశాక మానిటర్ చూస్తే ముఖం బూడిద పూసినట్టుంది. మెడ ఒక రంగు, చెవులు ఇంకో రంగు. లైవ్‌కి ఐదు నిమిషాలు. ముదురు షేడ్ తీసుకుని దవడ చుట్టూ ఏదో సర్దాను. బులెటిన్ అయ్యాక తను రికార్డింగ్ చూసుకుంది. నన్ను ఒక్క మాట కూడా అనలేదు. తిట్టి ఉంటే ఈపాటికి మర్చిపోయేదాన్నేమో, ఆ మౌనం మాత్రం ఇప్పటికీ గుర్తుంది.

ఆ బూడిద రంగు ఎందుకు వచ్చిందో తర్వాత అర్థమైంది. లేత షేడ్లలో టైటానియం డయాక్సైడ్ అనే తెల్లటి పదార్థం ఎక్కువగా ఉంటుంది. ముదురు రంగు చర్మం మీద అది పలచగా పరుచుకుంటే కింది రంగు పైకి కనిపిస్తూ బూడిదలా తేలుతుంది. దానికి తోడు మేకప్ గదిలో ఉన్నది పసుపు బల్బు, అంటే వెలుతురు రంగుని కొలిచే లెక్కలో సుమారు 3,000 కెల్విన్. సెట్‌లో పగటి వెలుగుకి సరిపోయే 5,600 కెల్విన్ లైట్లు. పసుపు వెలుతురులో వెచ్చటి రంగులు కలిసిపోయి కనిపిస్తాయి, బ్లష్ చాలలేదనిపించి ఇంకా అద్దుతాం. తెల్లటి లైటు కిందకి వెళ్ళగానే అదంతా బయటపడుతుంది. అందుకే ఇప్పుడు నేను ఎక్కడికి వెళ్ళినా ముందు సెట్‌లోకే వెళ్తాను. అక్కడి లైట్లు వేయించుకుని, వైట్ బ్యాలెన్స్, అంటే తెలుపుని తెలుపుగా చూపించే కెమెరా సెట్టింగ్, ఆటోలో వదలకుండా లాక్ చేయమని కెమెరామెన్‌ని అడిగి, ఆ తర్వాతే బాక్స్ తెరుస్తాను.

మేడమ్‌కి దవడ మీద నుంచి మెడ దాకా మూడు షేడ్లు మూడు గీతలుగా పెట్టాను. పది నిమిషాలు ఆగాను. కొన్ని ఫౌండేషన్లు గాలి తగిలాక ఒక మెట్టు ముదురుతాయి, కాబట్టి పెట్టిన వెంటనే నిర్ణయించకూడదు. తర్వాత ఆవిడని కెమెరా ముందు నిలబెట్టి చూస్తే రెండు గీతలు స్పష్టంగా కనిపించాయి, మూడోది ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చింది. అదే ఆవిడ షేడ్. కెమెరా పని అంతా ఈ ఒక్క గీత దగ్గరే తేలిపోతుందని నా నమ్మకం.

ఇక కళ్ళ కింద. చాలామంది ఇక్కడ నలుపుని కప్పే క్రీమ్, కన్సీలర్, లేత రంగుది తీసి మందంగా పూసేస్తారు. నలుపు మీద తెలుపు పడితే బూడిదే కదా. ముందు ఆ నీలపు నలుపుని విరిచే రంగు కావాలి. ఆవిడ చర్మానికి నారింజ కరెక్టర్ సరిపోయింది. అదే చర్మం రంగు లేతగా ఉన్నవాళ్ళకైతే పీచ్ రంగు చాలు. గోరు వెడల్పు అయినా లేకుండా తీసుకున్నాను. ఉంగరపు వేలితో, నొక్కీ నొక్కనట్టు, కంటి లోపలి మూల నుంచి నలుపు ఉన్నంతవరకే అద్దాను. ఉబ్బుగా ఉన్న చోట పెట్టకూడదు, ఆ ఉబ్బు కింద పడే గీత నీడలోనే పెట్టాలి. వేలి వేడికి క్రీమ్ కరిగి చర్మంలో కలిసిపోతుంది. ఆ పైన ఆవిడ షేడ్ కన్సీలర్ ఒక పలుచని పొర. రుద్దితే కింది నారింజ లేచి వచ్చేస్తుంది, కాబట్టి స్పాంజ్‌తో అద్దడమే. ఒక్క కంటికి నాలుగు నిమిషాలు పట్టింది. మిగతా ముఖం మొత్తానికీ అంత సమయం పట్టలేదు.

ముక్కు మీద కళ్ళద్దాలు ఆనే చోట ఫౌండేషన్ దాదాపు తీసేశాను. ఉంచితే అద్దాలు సర్దుకున్న ప్రతిసారీ మచ్చలు పడతాయి. అద్దాల్లో లైటు మెరుస్తుంటే అది మేకప్‌తో పోయేది కాదు, లైట్ స్టాండు పైకి లేపించాలి.

కెమెరాకి మనం సహించే మెరుపు కూడా నచ్చదు. ఎదురుగా చూసేటప్పుడు నిగారింపు అనిపించేది తెరమీద తెల్లటి మరకలా పడుతుంది. నుదురు, ముక్కు, పై పెదవి మీద. ముందు టిష్యూతో అద్ది నూనె తీసేయాలి, ఆ తర్వాతే పౌడర్. నూనె మీద పౌడర్ వేసుకుంటూ పోతే మధ్యాహ్నానికి అట్టలు కడుతుంది. పఫ్‌ని మడిచి, పౌడర్ అద్ది, చేతి వెనక దులిపి, నొక్కాలి. తెల్లటి పౌడర్ ముదురు రంగు మీద వాడను, కొంచెం రంగున్నదే తీసుకుంటాను. ఫ్లాష్‌తో ఫొటోలు కూడా తీస్తారని తెలిస్తే సిలికా ఎక్కువగా ఉన్న పౌడర్ బాక్స్‌లోంచి తీయనే తీయను. అది ఫ్లాష్‌ని తిప్పికొట్టి కళ్ళ కింద తెల్లటి చారలు వేస్తుంది.

కెమెరా చూపు మన చూపు కాదన్న సంగతి పాత సినిమా వాళ్ళకి ఇంకా బాగా తెలుసు. మొదట్లో వాడిన ఆర్థోక్రోమాటిక్ ఫిల్మ్‌కి ఎరుపు రంగు కనిపించేది కాదు, ఎర్రటి పెదవులు నల్లగా పడేవి. 1920ల్లో అన్ని రంగులనీ పట్టే పాంక్రోమాటిక్ ఫిల్మ్ వచ్చాక మేకప్ రంగులన్నీ మళ్ళీ కలుపుకోవాల్సి వచ్చింది. ఆ తర్వాత టెక్నికలర్ అనే రంగుల సినిమా పద్ధతి కోసం మాక్స్ ఫ్యాక్టర్ కంపెనీ 1937 ప్రాంతంలో తడి స్పాంజ్‌తో వేసే పాన్‌కేక్ మేకప్ తెచ్చింది. ఫిల్మ్ మారితే ముఖానికి వేసే రంగూ మారింది. ఇప్పుడు నేను లైట్లు చూసి షేడ్ మార్చడం కూడా ఆ వరసలోదే, అందుకే ఈ కథ నాకు చాలా ఇష్టం.

ఎదురుగా మెత్తటి లైటు పెడితే ముఖంలో నీడలు పోయి చదునుగా కనిపిస్తుంది. ఆ నీడని చెంపల పక్కన కొంచెం, దవడ కింద కొంచెం మనం తిరిగి ఇవ్వాలి. కనుబొమ్మల్లో ఖాళీలు నింపాను. పెదవులకి సొంత రంగు కంటే ఒక్క మెట్టు ముదురు. మెరుపులున్నవేవీ వద్దు. వెనక గ్రీన్ మ్యాట్, అంటే తర్వాత వేరే దృశ్యం పెట్టడానికి కట్టే ఆకుపచ్చ తెర, ఉంటే ఆకుపచ్చ ఐషాడో అసలు వద్దు, కనురెప్ప మీద బ్యాక్‌గ్రౌండ్ కనిపించే ప్రమాదం ఉంది. మగవాళ్ళకైతే చాలాసార్లు టిష్యూ, పౌడర్, పెదవులకి కాస్త బామ్ సరిపోతాయి. జుట్టు పలచబడ్డ వాళ్ళకి నెత్తి మీద కూడా పౌడర్ అద్దడం మర్చిపోకూడదు.

ఒక విషయంలో మాత్రం నేను ఎవరి మాటా వినను. ఒకరికి వాడిన మస్కారా బ్రష్ మరొకరి కంటికి తగలకూడదు. లిప్‌స్టిక్ గరిటెతో పలక మీదకి తీసుకుని, అక్కడి నుంచి బ్రష్‌తో వేస్తాను. టైమ్ లేదని తొందరపెట్టినా సరే. కంటికి ఇన్ఫెక్షన్ వస్తే ఆ మనిషి వారం రోజులు పనికి దూరమవ్వచ్చు.

అంతా అయ్యాక మేడమ్‌ని బోర్డు దగ్గర నిలబెట్టి మానిటర్ ఆవిడ వైపు తిప్పాను. సుద్దముక్క పట్టుకున్న చెయ్యి, మెడ, ముఖం అన్నీ ఒకే మనిషివి. తెల్లటి షేడ్ వేసి ఉంటే బోర్డు మీద రాసిన ప్రతిసారీ ఆ చెయ్యే చెప్పేసేది. కళ్ళద్దాలు సర్దుకుని కాసేపు చూశారు. తుడిచేయమంటారేమోనని నేను తడి టిష్యూ పట్టుకునే ఉన్నాను.

“ఆ మూల అక్షరాలు చిన్నగా కనిపిస్తున్నాయి, కొంచెం పెద్దగా రాయాలి” అని డస్టర్ అందుకున్నారు.

రెండో పాఠం మధ్యలో నుదురు మెరుస్తోందని పఫ్ తీసుకుని దగ్గరికి వెళ్ళాను. ఆవిడ నా వైపు చూడకుండానే చెయ్యి ఎత్తి, “ఒక్క నిమిషం ఆగమ్మా, ఈ సమీకరణం పూర్తవనీ” అన్నారు.