నీడ చూద్దామని వెళ్తే

మా పాప పుట్టు వెంట్రుకలు నల్లగొండ జిల్లాలోని చెర్వుగట్టు శివుడి గుట్ట మీద తీయిస్తానని మొక్కింది మా అత్తమ్మ. మొక్కు ఆమెది, జుట్టు పాపది, సెలవు పెట్టాల్సింది మేం. ఏప్రిల్ చివర్లో ఒక రోజు తెల్లవారకముందే ఎల్బీనగర్ నుంచి కారులో బయల్దేరాం. అమావాస్య కాకుండా చూసుకున్నాం. ఆ రాత్రి గట్టు మీద నిద్ర చేయడానికి వచ్చే జనంలో మూడేళ్ల పిల్లను ఎత్తుకుని తిరగడం నా వల్ల కాదు.

నార్కట్‌పల్లి దాటి నల్లగొండ వైపు కొంచెం పోతే గట్టు కనిపిస్తుంది. జడల రామలింగేశ్వరుణ్ణి పరశురాముడు ప్రతిష్ఠించాడని చెబుతారు. కత్తి పట్టుకున్న తాతను చూసి పాప కొండంతా వినపడేలా ఏడ్చింది. గుండుకు గంధం పూశాక చల్లగా అనిపించిందేమో, రెండు చేతులతో తడుముకుంటూ నవ్వడం మొదలుపెట్టింది. దర్శనం తర్వాత మూడు గుండ్ల దగ్గరికి ఎక్కాం. ఆ బండల సందులో పిల్లి కూడా పట్టదేమో అనిపిస్తుంది గానీ, శివయ్యను తలచుకుంటే ఎంత లావు మనిషైనా దూరిపోతాడని నమ్మకం. మా ఆయన మధ్యలో ఆగిపోయాడు. "ఊపిరి వదులు కొడుకా, ఊపిరి" అని వెనక నుంచి అత్తమ్మ. ఎలాగో బయటపడ్డాడు.

అసలు పొద్దున నుంచీ మా బాబు అడుగుతున్నది ఇవేవీ కాదు, నల్లగొండ పక్కనున్న పానగల్లు. అక్కడి ఛాయా సోమేశ్వరాలయంలో లింగం వెనక గోడ మీద పగలంతా స్తంభం నీడ కదలకుండా ఉంటుందని, తీరా చూస్తే ఎదురుగా స్తంభమే ఉండదని నేనే చెప్పాను. ఎనిమిదేళ్ల వాడికి అలాంటి మాట చెప్పాక ఇక ఊరుకుంటాడా?

పులిహోర తిని అక్కడికి చేరేసరికి రెండు దాటింది. ఆకు కదలడం లేదు, ఒకటే ఉక్కపోత. పడమర దిక్కున మబ్బు నల్లగా లేచింది. "జల్ది నడువుండ్రి, గీ గుండుతోని పోరి తడిస్తే సర్ది పడ్తది" అని అత్తమ్మ హెచ్చరించేలోపే గాలి దుమారం. కళ్లలో మట్టి. మొదటి చినుకు సరిగ్గా పాప గుండు మీదే పడింది. పరుగెత్తి మండపంలోకి చేరేసరికి గంధం కరిగి పాప చెవుల మీదుగా కారుతోంది. వెనకే వడగళ్లు! బాబుకు పండగే, ఏరుకొస్తానని గొడవ. నేను చొక్కా పట్టుకుని ఆపాను.

కరెంటు పోయింది. మూడు గర్భగుళ్లున్న త్రికూటాలయం అది, ఒకప్పుడు ఇక్కడ ఏలిన కందూరు చోడ రాజుల నాటిది. మామూలు రోజైతే ఆ స్తంభాల మీద చెక్కడాలు చూస్తూ నిలబడిపోయేదాన్ని. ఆ వేళ దీపం వెలుగులో శివయ్య కనిపించాడు, నీడ మాత్రం లేదు. ఏది నీడో ఏది చీకటో తెలియడం లేదు.

"అబద్ధం చెప్పావ్" అన్నాడు బాబు.

మా ఆయన మండపంలో ఓ మూలన కూర్చుని నీళ్ల గ్లాసు బోర్లించాడు. దాని ముందు చెరో పక్క మా రెండు ఫోన్ల టార్చీలు వెలిగించాడు. గోడ మీద రెండు పల్చటి నీడలు పడ్డాయి. ఫోన్లు దగ్గరికి జరుపుతూ పోతే రెండూ కలిసి నడుమ ఒక్కటే చిక్కటి నీడ. గుడిలోకి ఎండ సూటిగా రాదని, స్తంభాల పక్కల నుంచి పరుచుకుని వచ్చే వెలుతురుతోనే ఆ నీడ పడుతుందని, అందుకే పొద్దు తిరిగినా అది జరగదని చెప్పాడు. "దేవుని కాడ గీ ఆటలేందిరా" అని కసురుతూనే అత్తమ్మ కూడా వంగి చూసింది. తనే ఒకసారి ఫోను జరిపింది కూడా.

గంటన్నరకు వాన తెరిపిచ్చింది. మబ్బు మాత్రం విడవలేదు. ఇక నీడ లేదని తేలిపోయి కారెక్కాం.

రోడ్డు పొడవునా వడ్లు. పొద్దున బంగారంలా ఆరబోసి ఉన్నవి, ఇప్పుడు పరదాలు గాలికి లేచిపోయి, కుప్పల కింది నుంచి నీళ్లు పారుతున్నాయి. ఒకాయన, ఆయన భార్య చీపుళ్లతో ఆ నీళ్లను తోస్తున్నారు. అత్తమ్మ కారు ఆపించింది. ఆమె వ్యవసాయం మానేసి పదేళ్లయినా చెయ్యి ఊరుకోలేదు. గింజ తీసి పంటి కింద కొరికింది. తేమ 17 శాతం దాటితే కొనుగోలు కేంద్రంలో తీసుకోరు. "రేపు ఎండ కొడ్తే బతుకుతయి బిడ్డా, లేకుంటే మొలకలొస్తయి" అంది ఆ భార్యతో. మా ఆయన, బాబు కలిసి ఒక పరదా కొసలు పట్టి రాళ్లు పెట్టారు. బాబు చెప్పులు బురదలోనే ఉండిపోయాయి.

మర్నాడు హైదరాబాద్‌లో లేస్తూనే అత్తమ్మ బాల్కనీలోకి వెళ్లింది. ఎండ ఫెళ్లున కాస్తోంది.

"ఇవాళ వెళ్లుంటే నీడ కనపడేది కదా నానమ్మా" అన్నాడు బాబు.

"వడ్లు ఆరుతయి" అంది ఆమె.