వెడ్జ్ మీద తెలుగు అక్షరం

గోల్ఫ్‌లో గ్రీన్ (హోల్ చుట్టూ పొట్టిగా కత్తిరించిన గడ్డి) పక్కన మా వాళ్లు ఎక్కువగా మర్చిపోయేది వెడ్జే, అంటే ముఖం బాగా వాలుగా ఉండే క్లబ్. చిప్ (దగ్గర్నుంచి బంతిని గ్రీన్ మీదకి లేపే చిన్న దెబ్బ) కొట్టడానికి అదొకటి, బంతిని హోల్‌లోకి దొర్లించడానికి పుట్టర్ ఒకటి, రెండూ పట్టుకుని వెళ్తాం, చిప్ అయ్యాక వెడ్జ్‌ని గడ్డిలో పడేస్తాం, బంతి హోల్‌లో పడ్డాక జెండా పెట్టేసి మాటల్లో పడి తర్వాతి హోల్ మొదలయ్యే టీకి నడిచిపోతాం. పోయిన నెల నా 56 డిగ్రీల వాలుది అలాగే వదిలేశాను. దొరికింది కానీ, దాని పక్కనే సరిగ్గా అదే కంపెనీ, అదే మోడల్ ఇంకోటి ఉంది. గ్రిప్ అరుగుదల చూసి ఏది నాదో తేల్చుకోవాల్సి వచ్చింది.

క్లబ్ మీద ఇంట్లోనే పేరు కొట్టుకోవడం కష్టమేమీ కాదు. సికింద్రాబాద్ రాణిగంజ్‌లో లోహం మీద అక్షరాలు అచ్చు కొట్టే లెటర్ పంచ్ సెట్లు దొరుకుతాయి, కాకపోతే అన్నీ ఇంగ్లీష్ అక్షరాలే. నాకేమో తెలుగు అక్షరం కావాలి. వారం రోజులు ఇదే ఆలోచన, చివరికి సమాధానం మా వంటింటి అటక మీదే ఉంది: అమ్మమ్మ ఇత్తడి బిందె. మెడ దగ్గర ఆవిడ పేరు చుక్కలు చుక్కలుగా కొట్టి ఉంటుంది. ఇప్పుడు స్టీలు సామాన్ల షాపులో మిషన్‌తో గీకేస్తారు, అప్పట్లో చిన్న ఉలి, సుత్తి పెట్టుకుని ఒక్కో చుక్కా కొట్టేవాళ్లు. మన అక్షరాల గుండ్రదనం చుక్కల్లో ఎంత బాగా ఒదుగుతుందో ఆ బిందె చూస్తే తెలుస్తుంది.

కాబట్టి కావాల్సింది ఒక్క సెంటర్ పంచ్ (చుక్క కొట్టే మొనదేలిన ఉక్కు కడ్డీ), చిన్న సుత్తి. నా అక్షరం ‘ర’. కాగితం మీద 8 మిల్లీమీటర్ల ఎత్తున ప్రింట్ తీసి, క్లబ్ వెనక భాగంలో మందంగా ఉన్నచోట జిగురుతో అంటించి, కాగితం మీద నుంచే చుక్కలు కొట్టాను. ముందు వైపు, అంటే బంతి తగిలే ముఖం మీద, మాత్రం ఏమీ కొట్టకండి, అక్కడ గుంటలు, గీతలు ఎలా ఉండాలో రూల్స్ ఉన్నాయి, తేడా వస్తే ఆ క్లబ్ పోటీలకు పనికిరాదు. పంచ్ లోహాన్ని పక్కకు నెడుతుందే కానీ తీసెయ్యదు, అందుకని బరువు మారుతుందన్న టెన్షన్ అక్కర్లేదు.

ఏ లోహమో ముందు కనుక్కోండి. 1020, 1025 లాంటి కార్బన్ స్టీల్‌తో ఫోర్జ్ చేసినవి మెత్తన, 8620తో పోత పోసినవీ పర్వాలేదు. 17-4 స్టెయిన్‌లెస్ జోలికి వెళ్లొద్దు, అది బాగా గట్టిది, పంచ్ మొన విరిగి ఎగరొచ్చు. దేని మీద కొట్టినా కళ్లకి సేఫ్టీ అద్దాలు తప్పనిసరి. ముఖం కింద చెక్క దిమ్మ, దాని మీద మందపాటి తోలు ముక్క పెడితే ముఖం మీది గీతలు (గ్రూవ్స్) దెబ్బతినవు, క్లబ్ కదలదు.

నేను ఆ తోలు పెట్టకుండా 60 డిగ్రీలది మొదలుపెట్టాను. క్లబ్ తల కొంచెం జరిగింది, అక్షరం తలకట్టు దగ్గర ఒక చుక్క బయట పడింది. పడిన చుక్క ఇక చెరగదు, ఆ రోజంతా మనసు బాగోలేదు. ముందు ఒక ఇనుప పట్టీ మీద పది అక్షరాలు కొట్టి చెయ్యి కుదిరాకే క్లబ్ పట్టుకోండి. చుక్కకి ఒకటే దెబ్బ, రెండోది పడితే జంట చుక్క అవుతుంది.

తర్వాత రంగు. అసిటోన్‌తో జిడ్డు తుడిచి, ఎర్ర నెయిల్ పాలిష్‌ని టూత్‌పిక్‌తో గుంటల్లో నింపి, కాస్త ఆరనిచ్చి, పాత ఏటీఎం కార్డుకి గుడ్డ చుట్టి అసిటోన్ కొద్దిగా అద్ది పైపైన లాగితే మిగిలిందంతా పోయి చుక్కల్లోదే నిలుస్తుంది. షాఫ్ట్ (క్లబ్ కర్ర) తలతో కలిసేచోట ఉండే నల్లటి ప్లాస్టిక్ రింగు, ఫెర్రూల్‌కి మాత్రం అసిటోన్ తగలనివ్వకండి, కరిగిపోతుంది. పంచ్ పడ్డచోట క్రోమ్ పూత పోతుంది కాబట్టి తుప్పు భయం ఉంటుంది. రంగు కొంత కాపాడుతుంది. విశాఖ లాంటి ఉప్పుగాలి ఊళ్లలో ఆడేవాళ్లు కుట్టుమిషన్ నూనె చుక్క రాసి తుడవడం అలవాటు చేసుకోవాలి.

56 మీద ‘ర’ చాలా బాగా వచ్చింది. అమ్మ దాన్ని ఆ బిందె పక్కన పెట్టి చూసి, ముందు శ్రీ లేకుండా పేరేమిటి అంది. 52 ఇంకా ఖాళీగానే ఉంది, దాని మీద శ్రీ వెయ్యాలి. క్రావడి మెలికకి ఎన్ని చుక్కలు పడతాయో కాగితం మీద పెట్టి చూస్తున్నాను, ఇప్పటికి పదకొండు దగ్గర ఆగాను.