మలక్కా గుట్టమీద డచ్చివాళ్ల రాళ్లు

మలేషియాలోని మలక్కా ఊళ్లో, డచ్ స్క్వేర్ దగ్గర బస్సు దిగగానే చెవులు హోరెత్తిపోయాయి. డచ్చివాళ్ల పాలనా భవనమైన ఎర్రటి స్టాడ్‌హౌస్, దాని పక్కనే 1753లో పూర్తయిన క్రైస్ట్ చర్చి, మధ్యలో విక్టోరియా రాణి పేరిట కట్టిన ఫౌంటెన్. ఎన్నో ఏళ్లుగా ఫొటోల్లో చూసి మనసుపడ్డ చోటు. అక్కడ రెండు నిమిషాలు నిలబడి నిదానంగా చూద్దామంటే వీలు పడదు. పికాచూ బొమ్మలూ ప్లాస్టిక్ పూలూ తగిలించిన రిక్షాలు బారులు తీరి ఉంటాయి. ఒక్కోదానికి ఒక స్పీకరు, ఒక్కో స్పీకర్లో ఒక పాట. ఊళ్లో ఒక చుట్టు తిప్పడానికి అడిగిన డబ్బు కౌలాలంపూర్ నుంచి రెండు గంటల బస్సు ప్రయాణానికి మేమిచ్చిన టికెట్టు కంటే ఎక్కువ. బావ బేరానికి దిగబోతుంటే చెయ్యి పట్టుకుని గుట్టవైపు లాక్కెళ్లాను.

బావ ఆ దేశంలోనే ఉద్యోగం చేస్తున్నాడు. మలక్కా అంటే వాడికి చికెన్ రైస్ ఉండలు, చెండోల్ అనే చల్లటి తీపి. నాకు మాత్రం ఈ ఊరు చూడాలన్న కోరికకి వేరే కారణం ఉంది. మాది బందరు. ఒలందావాళ్ల (డచ్చివాళ్ల), పరాసువాళ్ల (ఫ్రెంచివాళ్ల), ఇంగ్లీషువాళ్ల పేరుమీద వలందపాలెం, పరాసుపేట, ఇంగ్లీషుపాలెం ఉన్న ఊళ్లో పెరిగినవాడికి, ఆ వచ్చినవాళ్లంతా ఇక్కణ్ణుంచి ఎటు వెళ్లారో చూడాలనిపించడం సహజమే కదా.

గుట్ట ఎత్తేమీ కాదు. ఎండ మాత్రం మన మే నెలలాగే ఉంది, ఉక్కతో సహా. పైన సెయింట్ పాల్స్ చర్చి. పైకప్పు ఎప్పుడో పోయింది, గోడలు మిగిలాయి. 1521లో పోర్చుగీసువాళ్లు కట్టిన గుడి అది. క్రైస్తవ మతప్రచారకుడు ఫ్రాన్సిస్ జేవియర్ చనిపోయాక 1553లో ఆయన దేహాన్ని గోవాకి తీసుకెళ్లేముందు కొన్నాళ్లు ఇక్కడే ఉంచారు. ముందున్న ఆయన విగ్రహానికి కుడిచెయ్యి లేదు, చెట్టు కూలి విరిగిందని చెప్తారు. జనమంతా ఆ విగ్రహం దగ్గర ఫొటోలు దిగి, కిందున్న జలసంధిని ఒకసారి చూసి దిగిపోతున్నారు.

నేను గోడల దగ్గరే ఆగిపోయాను. లోపల వరసగా సమాధిరాళ్లు ఆనించి ఉన్నాయి. ఒక్కోటి మనిషికంటే ఎత్తు. పైన కుటుంబ చిహ్నం, దానిమీద శిరస్త్రాణం, చుట్టూ తీగలు, అడుగున కపాలమూ ఎముకలూ. అక్షరాలు లోపలికి తవ్వినవి కావు. చుట్టూ రాయిని తొలిచేసి అక్షరాన్ని ఉబ్బెత్తుగా నిలబెట్టారు. వేలు పెట్టి రాస్తే ప్రతి ఒంపూ తెలుస్తుంది. 1641లో డచ్చివాళ్లు పోర్చుగీసువాళ్ల నుంచి ఊరు లాక్కున్నాక, కింద వాళ్ల చర్చి తయారయ్యేదాకా పెద్దవాళ్లని ఇక్కడే పూడ్చారు.

నాకు ఒళ్లు జలదరించింది. ఈ రాళ్లు నాకు తెలుసు. ఇదే పనితనం, ఇదే కపాలం, ఇవే ఉబ్బెత్తు అక్షరాలు మా బందరు డచ్చి సమాధుల్లో ఉన్నాయి. చిన్నప్పుడు బంతి అవతల పడితే గోడ దూకి వాటిమీంచే పరిగెత్తేవాళ్లం. అవి ఎవరివో మాకెవరూ చెప్పలేదు. డచ్చివాళ్ల కాలంలో మన కోరమాండల్ తీరం నుంచి చెక్కిన సమాధిరాళ్లు ఓడల్లో బటావియాకి (ఇప్పటి జకార్తాకి) వెళ్లేవి. మన రాయి, మన శిల్పుల ఉలి, తెలియని భాషలో పేరు. అక్షరం అర్థంకాకుండానే అంత పొందిగ్గా చెక్కినవాళ్ల పేరు ఏ రాతిమీదా ఉండదు.

ఇక్కడ స్కూలు పిల్లల్ని తీసుకొచ్చి టీచరు ఒక్కో రాయి దగ్గరా ఆపి చెప్తోంది. టికెట్టు లేదు, గేటు లేదు. బందరు బస్టాండులో దిగి డచ్చి సమాధులు ఎక్కడని అడగండి, ఎంతమంది దారి చెప్తారో చూడండి. 1600ల మొదట్లోనే ఒలందావాళ్లు వచ్చి కోఠీ, అంటే వర్తక స్థావరం, పెట్టుకున్న ఊరు మాది. 1864 ఉప్పెనలో దాదాపు 30,000 మంది కొట్టుకుపోయిన ఊరు. అలాంటి ఊళ్లో పుట్టి నా ఊరి సంగతి మలక్కా గుట్టమీద నేర్చుకోవాల్సి వచ్చింది. కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. బావ ఏమీ అడగకుండా నీళ్ల సీసా ఇచ్చాడు.

గుట్ట దిగితే పోర్టా డి శాంటియాగో. పోర్చుగీసు కోటలో మిగిలింది ఆ ఒక్క ద్వారమే. మిగతాదంతా ఇంగ్లీషువాళ్లు 1807 ప్రాంతంలో పేల్చేశారు. ద్వారంమీద డచ్చి కంపెనీ ముద్ర, 1670 అని అంకె. ఒకప్పుడు సముద్రం దాదాపు ఇక్కడిదాకా ఉండేది. తర్వాత పూడ్చుకుంటూ పోయారు, ఇప్పుడు ఎదురుగా షాపింగ్ మాల్ ఉంది. దగ్గర్లోనే స్వాతంత్ర్య ప్రకటన స్మారకం, 1912లో దొరలు కట్టుకున్న క్లబ్బు భవనంలో. 1956 ఫిబ్రవరి 20న మలయా నాయకుడు టుంకు అబ్దుల్ రహమాన్ లండన్ నుంచి తిరిగొచ్చి, దాని ఎదుటి మైదానంలోనే స్వాతంత్ర్యం వచ్చే తేదీని ప్రకటించాడు. ఆ క్లబ్బునే స్మారకంగా మార్చుకోవడం నాకు భలే నచ్చింది. సుల్తాను ప్యాలెస్ నమూనాని బయటినుంచే చూసి వచ్చేశాం, ఆకలి.

మారిటైమ్ మ్యూజియం ఒక ఓడ ఆకారంలో ఉంటుంది. 1511లో మలక్కాని దోచుకుని పోర్చుగీసు సేనాని అల్బుకర్క్ బయల్దేరిన ఫ్లోర్ దె లా మార్ అనే ఓడ నమూనా అది. అసలు ఓడ ఆ దోపిడీ సొమ్ముతో సహా సుమత్రా దగ్గర మునిగిపోయింది. స్థానికులకంటే మనకి టికెట్టు ఎక్కువ. మన దేశంలోనూ విదేశీయులకి అంతే కాబట్టి నోరు మూసుకున్నాను. చెప్పులు సంచిలో వేసి చేత్తో పట్టుకుని తిరగాలి. లోపల ఓడలు, ఫిరంగులు, మ్యాపులు, మిరియాలు, లవంగాలు. నేను వెతికింది గుడ్డ కోసం.

ఎందుకంటే ఈ వ్యాపారం నడిచిందే గుడ్డమీద. లవంగాలు, జాజికాయలు పండే దీవుల్లో కోరుకున్నది మన తీరపు అద్దకం గుడ్డలు. డచ్చివాళ్లు బందరులో కోఠీ పెట్టింది అందుకే. ఇక్కడ గుడ్డ కొని, అక్కడ సుగంధద్రవ్యాలకి మార్చి, వాటిని యూరప్‌లో అమ్మడం. 1510లలో మలక్కాలో ఉన్న పోర్చుగీసువాడు తోమె పిరెస్ ఈ రేవులో 84 భాషలు వినిపించేవని రాశాడు. కోరమాండల్ తీరపు వర్తకుల వ్యవహారాలు చూడ్డానికి ఒక షాబందరు, అంటే రేవు అధికారి, ఉండేవాడు. నేను వెతికినంతలో ఆ నేతగాళ్ల గురించి, అద్దకంవాళ్ల గురించి రెండు మూడు మాటలకి మించి కనబడలేదు. ఫిరంగులకి మాత్రం బోలెడు చోటుంది.

ఆ దిగులు ఆ ఊళ్లోనే ఉన్న గజా బెరాంగ్ అనే పేటలో తీరింది. అక్కడ మలక్కా చిట్టీల చిన్న మ్యూజియం ఉంది. సుల్తానుల కాలంలో మన తూర్పు తీరం నుంచి వచ్చి, ఇక్కడి ఆడవాళ్లని పెళ్లాడి ఉండిపోయిన వర్తకుల సంతతి వాళ్లు. శివభక్తులు, ఇంట్లో మాట్లాడేది మలయ్. ఊళ్లో 1781లో కట్టిన పొయ్యాత వినాయగర్ గుడి వాళ్లదే. మ్యూజియంలో సారొంగ్ కెబాయా (అక్కడి లుంగీ, జాకెట్టు) కట్టుకున్న ఒక పెద్దావిడ ఉంది. ఆ దేశంలో పెద్దవాళ్లంతా ఆంటీలే, నేనూ అలాగే పిలిచాను. ఏ ఊరని అడిగింది. ఫోన్లో మ్యాపు తీసి బందరు చూపించాను. కళ్లజోడు పైకి జరిపి చాలాసేపు చూసింది. తమవాళ్లు ఏ రేవునుంచి ఎక్కారో ఇంట్లో ఎవరికీ తెలియదంది.

తర్వాత పండగల మాట వచ్చింది. జనవరిలో భోగి నాడు అరిటాకులు పరిచి, పోయినవాళ్లకి ఇష్టమైనవన్నీ వండి పెడతారట, కొబ్బరిపాలతో వండే అన్నం నాసి లెమక్‌తో సహా. మా ఇంట్లో సంక్రాంతికి పెద్దలకి పెట్టుకుంటామని చెప్పాను. తాతగారికి ఆకులో చుట్ట కూడా పెట్టేవాళ్లమంటే ఆవిడ పకపకా నవ్వి, వాళ్ల నాన్నకి బీరు పెడతామంది. బావ కూడా చెండోల్ సంగతి మర్చిపోయి కూర్చుండిపోయాడు.

లేచేముందు ఫోన్లో పెడన కలంకారీ ఫొటోలు చూపించాను. చెక్క అచ్చులు, కాలువలో గుడ్డలు ఉతకడం, ఎండలో ఆరేయడం. అచ్చు ఫొటో ఒకటి పెద్దది చేసి చూసి, వాళ్ల అమ్మమ్మ పెట్టెలో ఇలాంటి గుడ్డ ఒకటుండేదని, చిమ్మటలు కొట్టేశాయని చెప్పింది. కొత్తది పంపుతానని అడ్రస్ రాయించుకొచ్చాను. ఊరు చేరాక పెడన వెళ్లి ఎర్రటి పూలతీగ అంచున్న దుప్పటి ఒకటి కొన్నాను. కొరియర్‌వాళ్లు గుడ్డ ఖరీదుకి రెండింతలు అడుగుతున్నారు. అయినా సోమవారం పంపేస్తాను. బందరు సమాధిరాళ్ల ఫొటోలు కూడా తీసి అందులోనే పెడుతున్నాను.