జేఆర్‌ఎఫ్ రాలేదా? పరిశోధనకు డబ్బు ఇంకా ఎక్కడెక్కడ ఉందంటే

రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో పీహెచ్‌డీలో చేరినవాళ్లు డబ్బు సంగతి ఒక్క మాటలో తేల్చేస్తుంటారు: జేఆర్‌ఎఫ్ (యూజీసీ నిర్వహణలోని జాతీయ అర్హత పరీక్ష ‘నెట్’ ద్వారా దక్కే జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే వచ్చినట్టు, లేకపోతే లేనట్టు. ఆ మాట నమ్మి మూడేళ్లు, నాలుగేళ్లు సొంత ఖర్చుతో, పార్ట్‌టైమ్ పాఠాలతో నెట్టుకొస్తారు. ఈలోపు వాళ్లకు అర్హత ఉన్న రెండు మూడు అవకాశాల గడువులు దాటిపోతాయి. ప్రతిభ చాలక పోయినవాటికంటే తేదీ తెలియక, సర్టిఫికెట్ సరిగా లేక పోయినవే ఎక్కువ. అందుకే ఈ పోస్టులో తేదీల గురించి, కాగితాల గురించి ఎక్కువ రాస్తున్నాను.

ముందు జేఆర్‌ఎఫ్ లెక్క. 2023 జనవరి 1 నుంచి నెలకు 37,000 రూపాయలు, రెండేళ్ల తర్వాత ఎస్‌ఆర్‌ఎఫ్‌గా (సీనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) 42,000. హాస్టల్ వసతి ఇవ్వకపోతే ఇంటి అద్దె భత్యం అదనం. థీసిస్ సమర్పించేదాకా లేదా ఐదేళ్లు, ఏది ముందైతే అది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, ఇఫ్లూ (ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయం), మనూ (మౌలానా ఆజాద్ ఉర్దూ విశ్వవిద్యాలయం) లాంటి కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో నెట్ లేనివారికి నెలకు 8,000 నాన్-నెట్ ఫెలోషిప్ ఉంది. ఉస్మానియా, కాకతీయ, ఆంధ్ర, శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయాల స్కాలర్లకు ఆ పథకం వర్తించదు. ఈ తేడా ఎక్కడ చేరాలో నిర్ణయించుకునే ముందే తెలియాలి. చేరాక తెలిసి ప్రయోజనం లేదు.

పీహెచ్‌డీలో చేరాక నెట్ రాయకూడదన్న నియమమేమీ లేదు. పరీక్ష జూన్, డిసెంబర్ విడతలుగా ఏడాదికి రెండుసార్లు ఉంటుంది. జేఆర్‌ఎఫ్‌కు వయసు పరిమితి 30 ఏళ్లు. ఓబీసీ నాన్-క్రీమీలేయర్, ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగ, ట్రాన్స్‌జెండర్ అభ్యర్థులకు, మహిళలందరికీ ఐదేళ్ల సడలింపు ఉంది. ఈడబ్ల్యూఎస్‌కు (ఆర్థికంగా వెనుకబడిన వర్గాలకు) వయసు సడలింపు లేదు, చాలామంది ఉందనుకుని మోసపోతారు. 2024 జూన్ నుంచి ఫలితాలు మూడు వర్గాలుగా ఇస్తున్నారు. జేఆర్‌ఎఫ్ ఒకటి, జేఆర్‌ఎఫ్ లేకుండా అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హత ఇంకొకటి, కేవలం పీహెచ్‌డీ ప్రవేశానికి పనికొచ్చేది మూడోది. ఈ మూడోదానికి చెల్లుబాటు ఒక్క ఏడాదే, ఫెలోషిప్ మాత్రం రాదు.

నెట్ దరఖాస్తులో చాలామంది చూడకుండా దాటేసే గడి ఒకటుంది. ఎస్సీ, ఓబీసీ విద్యార్థుల నేషనల్ ఫెలోషిప్‌లకు కూడా తమను పరిగణించాలా అని అక్కడ అడుగుతారు. ఈ రెండింటి ఎంపికా నెట్ ద్వారానే జరుగుతుంది. ఏటా ఎస్సీలకు 2,000, ఓబీసీలకు 1,000 స్లాట్లు. ఆ గడి వదిలేస్తే తర్వాత మళ్లీ అడిగే చోటు లేదు. ఎస్టీ విద్యార్థుల నేషనల్ ఫెలోషిప్ దారి వేరు. దాన్ని కేంద్ర గిరిజన వ్యవహారాల శాఖ తన సొంత పోర్టల్‌లో ఇస్తుంది, 750 స్లాట్లు, ఎంపిక పీజీ మార్కుల మీద. అంటే నెట్‌తో సంబంధం లేదు. ఏజెన్సీ ప్రాంతం నుంచి వచ్చి మంచి మార్కులతో ఎంఏ పూర్తి చేసిన స్కాలర్‌కు ఇది జేఆర్‌ఎఫ్‌కు తీసిపోని అవకాశం. అయినా డిపార్ట్‌మెంట్లలో దీని ప్రస్తావన తక్కువే.

కుల ధ్రువీకరణ దగ్గర మన రాష్ట్రాలవాళ్లకు ప్రత్యేకంగా ఎదురయ్యే చిక్కు ఉంది. బీసీ-ఎ, బీ, సీ, డీ, ఈ అని ఉన్న రాష్ట్ర సర్టిఫికెట్ కేంద్ర పథకాలకు చెల్లదు. కేంద్ర ప్రభుత్వ నమూనాలో ఓబీసీ నాన్-క్రీమీలేయర్ సర్టిఫికెట్ విడిగా తీసుకోవాలి. అంతకంటే ముందు మీ కులం కేంద్ర ఓబీసీ జాబితాలో ఉందో లేదో చూసుకోండి. రాష్ట్ర బీసీ జాబితాలో ఉండి కేంద్ర జాబితాలో లేని కులాలు కొన్ని ఉన్నాయి. సర్టిఫికెట్ ఏ తేదీ తర్వాత జారీ అయి ఉండాలో ప్రతి ప్రకటనలోనూ రాస్తారు. రెండేళ్ల కిందటిది జతచేస్తే పరిశీలనలో తీసేస్తారు. మీసేవలోనో సచివాలయంలోనో దరఖాస్తు పెట్టి తహసీల్దార్ సంతకం అయ్యేసరికి వారాలు పట్టొచ్చు. కాబట్టి ప్రకటన వచ్చేదాకా ఆగకుండా ఏప్రిల్, మే నెలల్లోనే ఆ ఏడాదిది తీసి పెట్టుకోవడం మంచిది. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉండి ఆధార్‌లో పొడి అక్షరాలు ఉండటం, లేదా అటుది ఇటుగా ఉండటం ఇంకో తలనొప్పి. డబ్బు పడేది ఆధార్ అనుసంధానమైన ఖాతాలోకే, కాబట్టి ముందు అది సరిచేయించుకోండి.

ఇక నెట్ గొడవ లేనివి. వీటిని పేర్ల వారీగా వెతికితే ఎప్పటికీ తేలదు. పరిశోధనలో మీరు ఏ దశలో ఉన్నారన్నదాన్ని బట్టి వెతకండి.

చేరే దశలో సైన్స్‌వాళ్లు మొదట చూడాల్సింది కేంద్ర శాస్త్ర సాంకేతిక విభాగం ఇచ్చే ఇన్‌స్పైర్ ఫెలోషిప్. ఎమ్మెస్సీలోనో, ఫార్మసీ, వ్యవసాయ, పశువైద్య, ఇంజినీరింగ్ లాంటి అనువర్తిత శాస్త్రాల పీజీలోనో విశ్వవిద్యాలయం మొత్తానికి మొదటి ర్యాంకు వచ్చినవారికి ఇది. చిన్న విశ్వవిద్యాలయంలో మొదటి ర్యాంకు కూడా మొదటి ర్యాంకే. ఇక్కడ పని చెడేది ర్యాంక్ సర్టిఫికెట్ దగ్గర. గోల్డ్ మెడల్ ఫొటో చాలదు, డిపార్ట్‌మెంట్ హెడ్ రాసిచ్చిన కాగితమూ చాలదు. ఆ సబ్జెక్టులో మొదటి ర్యాంకు అని పరీక్షల విభాగం అధికారికంగా ఇచ్చిన పత్రం కావాలి. ఫలితాలు వచ్చిన నెలలోనే దానికి దరఖాస్తు పెట్టండి.

తల్లిదండ్రులకు ఏకైక సంతానమైన అమ్మాయిలకు యూజీసీ సావిత్రీబాయి జ్యోతిరావు ఫూలే ఫెలోషిప్ ఉంది. రెగ్యులర్ పీహెచ్‌డీలో రిజిస్టరై ఉండాలి. వయసు 40 ఏళ్లలోపు, రిజర్వుడు వర్గాలకు 45. నెట్ అక్కర్లేదు. ఏకైక సంతానమని స్టాంపు పేపరు మీద అఫిడవిట్ ఇవ్వాలి.

రిజిస్ట్రేషన్ అయి, ప్రీ-పీహెచ్‌డీ పరీక్షలు రాసి, సినాప్సిస్ (పరిశోధన ప్రణాళిక సంగ్రహం) ఆమోదం పొందాక సామాజిక శాస్త్రాలవారికి ఐసీఎస్‌ఎస్‌ఆర్ (భారత సామాజిక శాస్త్ర పరిశోధన మండలి) డాక్టోరల్ ఫెలోషిప్ తలుపు తెరుచుకుంటుంది. ఇటీవలి ప్రకటనల్లో నెలకు 20,000, ఏడాదికి 20,000 కంటింజెన్సీ (పుస్తకాలు, ప్రయాణం లాంటి ఇతర ఖర్చులకు), గరిష్ఠంగా రెండేళ్లు. చరిత్రవాళ్లకు ఐసీహెచ్‌ఆర్, తత్వశాస్త్రంవాళ్లకు ఐసీపీఆర్ ఇలాంటివే ఇస్తాయి. జేఆర్‌ఎఫ్‌తో పోలిస్తే మొత్తం చిన్నదే కానీ పోటీ స్వభావం వేరు. ఇక్కడ మార్కులు కాదు, మీ ప్రతిపాదన చదువుతారు. ఐసీఎస్‌ఎస్‌ఆర్ దక్షిణ ప్రాంతీయ కేంద్రం ఉస్మానియా క్యాంపస్‌లోనే ఉంది. అక్కడికి వెళ్లి అడిగితే తెలిసే సంగతులు వెబ్‌సైట్‌లో దొరికేవాటికంటే ఎక్కువ.

విదేశీ ఆర్కైవులు, ల్యాబులు అవసరమైనవారికి సరైన సమయం మధ్య దశ. ఫుల్‌బ్రైట్-నెహ్రూ డాక్టోరల్ ఫెలోషిప్ ఆరు నుంచి తొమ్మిది నెలలు అమెరికాలో పనిచేయడానికి. అక్కడికి వెళ్లే నాటికి ఇక్కడ పీహెచ్‌డీ రిజిస్ట్రేషన్ అయి కనీసం ఏడాది గడిచి ఉండాలి. గడువు సాధారణంగా జులైలో ముగుస్తుంది, ప్రయాణం మరుసటి ఏడాది. అంటే థీసిస్ చివరి అధ్యాయం రాస్తున్నప్పుడు ఈ ఆలోచన వస్తే ఆలస్యమైనట్టే. అమెరికాలో మీ పని చూసే ప్రొఫెసర్‌కు జనవరి, ఫిబ్రవరిలోనే ఉత్తరం రాయాలి. చివరి దశలో కొద్ది వారాలు బ్రిటన్‌లో పత్రాలు చూసుకోవాలంటే చార్లెస్ వాలెస్ ఇండియా ట్రస్ట్ గ్రాంటు ఉంది. ఈస్టిండియా కంపెనీ అధికారి కోలిన్ మెకంజీ దక్షిణ భారతంలో పోగుచేసిన చారిత్రక పత్రాల సేకరణలో కొంత భాగం లండన్ బ్రిటిష్ లైబ్రరీలోనే ఉంది కాబట్టి తెలుగు ప్రాంతాల చరిత్ర మీద పనిచేసేవారికి ఇది నేరుగా పనికొస్తుంది. అయితే స్థానిక కైఫీయతుల (ఊళ్ల చరిత్ర చెప్పే పాత రికార్డుల) వంటివి చెన్నై ప్రాచ్య లిఖిత గ్రంథాలయంలో దొరుకుతాయేమో ముందు చూడండి. ఇక్కడ ఉన్నదాని కోసం లండన్ వెళ్తానంటే ఎంపిక సంఘం మొదటి పేరాలోనే పట్టేస్తుంది.

ఇవన్నీ పేరున్నవి. పేరు వినబడని గ్రాంట్లను వెతకడానికి నాకు తెలిసిన అన్నిటికంటే మంచి పద్ధతి శోధ్‌గంగ, అంటే భారతీయ విశ్వవిద్యాలయాల థీసిస్‌లు ఉండే వెబ్‌సైట్. మీ అంశానికి దగ్గరగా ఉన్న, గత ఐదారేళ్లలో వచ్చిన ఇరవై థీసిస్‌లు తెరిచి కృతజ్ఞతల పేజీ మాత్రమే చదవండి. ఎవరు డబ్బిచ్చారో, ఏ గ్రంథాలయం ప్రయాణ గ్రాంటు ఇచ్చిందో అక్కడ రాసి ఉంటుంది. జర్నల్ వ్యాసాల చివర నిధుల వివరమూ అంతే. మీ అంశం మీద డబ్బు పెట్టే అలవాటున్న సంస్థలు ఒక సాయంత్రంలో తేలిపోతాయి. ఎవరైనా ప్రాసెసింగ్ ఫీజు అంటూ వ్యక్తిగత ఖాతాకు డబ్బు పంపమంటే అక్కడితో ఆపేయండి. పరీక్ష ఫీజు వేరు, ఫెలోషిప్ మంజూరు చేయడానికి ఫీజు అడగడం వేరు.

దరఖాస్తులో ఎక్కువ దెబ్బతినేది ఫార్వర్డింగ్ లెటర్, అంటే దరఖాస్తును పంపుతూ విశ్వవిద్యాలయం ఇచ్చే ఉత్తరం. ఫైలు గైడ్ దగ్గర మొదలై హెడ్, డీన్, రిజిస్ట్రార్ దాకా వెళ్లాలి. ఒక్కరు సెలవులో ఉన్నా వారం పోతుంది. గడువు 30వ తేదీ అయితే ఫైలు 5వ తేదీకల్లా కదలాలి. ప్రకటనలో ఉన్న నమూనానే టైపు చేయించి, ఎవరు ఎక్కడ సంతకం, ముద్ర వేయాలో పెన్సిల్‌తో గుర్తు పెట్టి ఇవ్వండి. ‘వేరే ఏ ఫెలోషిప్పూ పొందడం లేదు’ అన్న హామీ పత్రం చాలావాటికి తప్పనిసరి. పార్ట్‌టైమ్ పాఠాలు చెబుతూ జీతం తీసుకుంటున్నవారు దాని మీద సంతకం పెట్టే ముందు నియమాలు పూర్తిగా చదవాలి. తర్వాత బయటపడితే తీసుకున్న డబ్బంతా వెనక్కి కట్టాలి.

ప్రతిపాదన గురించి ఒక్క మాట. మన దగ్గర సినాప్సిస్‌నే కత్తిరించి పంపే అలవాటుంది. సినాప్సిస్ మీ సబ్జెక్టు తెలిసిన కమిటీకి రాసింది, గ్రాంటు ప్రతిపాదన చదివేవారికి ఆ సబ్జెక్టు తెలియకపోవచ్చు. మొదటి పదిహేను వాక్యాల్లో ప్రశ్న ఏమిటో, దానికి జవాబు ఇప్పటిదాకా ఎందుకు లేదో, మీరు ఎక్కడికెళ్లి ఏం చూస్తే అది దొరుకుతుందో రావాలి. ‘రైతుల సమస్యలు - ఒక అధ్యయనం’ అంటే ఏమీ చెప్పినట్టు కాదు. ‘నిజామాబాద్ పసుపు రైతులు మార్కెట్ యార్డులో అమ్మకుండా ఊళ్లోనే వ్యాపారికి అమ్మడానికి పాత అప్పు ఎంతవరకు కారణం’ అంటే చదివేవారికి పొలం, అప్పు, యార్డు మూడూ కనిపిస్తాయి.

ఇదే ఉదాహరణతో బడ్జెట్ వేద్దాం. 120 కుటుంబాలు. ప్రశ్నావళికి గంటంపావు. రైతులు ఇంట్లో దొరికేది పొద్దున్నే, సాయంత్రం, కాబట్టి రోజుకు నాలుగు కుటుంబాలు దాటవు. ముప్పై రోజులు. తాళం వేసిన ఇళ్లకు మళ్లీ వెళ్లడానికి పావు వంతు కలిపితే 38 రోజులు. అన్ని రోజుల బస, తిండి, ఊళ్ల మధ్య ప్రయాణం రాయాలి. జనవరి నుంచి మార్చి దాకా పసుపు తవ్వడం, ఉడకబెట్టడం, ఆరబెట్టడం ఉంటాయి, ఎవరికీ తీరిక ఉండదు. ఆ నెలల్లో సర్వే పెడితే ఆ ఊళ్లు మీరు చూడలేదని చదివేవారికి తెలిసిపోతుంది. వీటికి తోడు 20 లోతైన ఇంటర్వ్యూలు రికార్డు చేస్తే 20 గంటల ఆడియో. గంట తెలుగు మాటను అక్షరాల్లో పెట్టడానికి ఐదారు గంటలు పడుతుంది, మాండలికమైతే ఇంకా ఎక్కువ. అంటే 100 నుంచి 120 గంటలు, రోజుకు ఐదు గంటల చొప్పున 20 నుంచి 24 రోజులు. ఈ పద్దు వేయనివారే ఎక్కువ, ఆ భారం చివరికి స్కాలర్ రాత్రుల మీద పడుతుంది. ప్రతి అంకె పక్కన అది ఎలా వచ్చిందో ఒక్క వాక్యం రాయండి. ‘ప్రయాణ ఖర్చులు 50,000’ అని గుండ్రంగా ఉన్న అంకెను కోసినంత తేలిగ్గా, రోజులు, ఊళ్లు చూపించిన లెక్కను కోయలేరు.

ఫెలోషిప్ వచ్చాక పోగొట్టుకునేవారూ ఉన్నారు. యూజీసీ ఫెలోషిప్‌లో విశ్వవిద్యాలయం ప్రతి నెలా పోర్టల్‌లో మీ హాజరును ధ్రువీకరిస్తేనే డబ్బు పడుతుంది. ఒకరు నమోదు చేయాలి, ఇంకొకరు ఆమోదించాలి. ఏ నెల ఆగిందో మీరే చూసుకుని ఆ సెక్షన్‌లో అడగాలి. రెండేళ్లు నిండాక ఎస్‌ఆర్‌ఎఫ్‌కు మారడానికి బయటి నిపుణుడితో సహా ముగ్గురు సభ్యుల కమిటీ మీ పని చూసి సిఫారసు చేయాలి. ఆ సమావేశం ఎవరూ తమంతట తాము పెట్టరు. ఇరవై రెండో నెలలోనే గైడ్‌ను అడిగి తేదీ వేయించండి.

ప్రాజెక్టు గ్రాంటు అయితే డబ్బు ఎలా ఖర్చయిందో చెప్పే వినియోగ ధ్రువపత్రం, జీఎఫ్‌ఆర్ (కేంద్ర ప్రభుత్వ సాధారణ ఆర్థిక నిబంధనలు) 12-ఎ నమూనాలో, ఇచ్చేదాకా తర్వాతి విడత రాదు. లెక్క మార్చి 31కి ముగుస్తుంది. ఊళ్లో ఆటోవాళ్లు, ఇళ్లలో భోజనం పెట్టినవాళ్లు రశీదు ఇవ్వరు. అందుకని తేదీ, ఊరు, మొత్తం, సంతకం ఉన్న చిన్న వోచర్లు ముందే అచ్చు వేయించుకుని సంచిలో పెట్టుకు వెళ్లండి. ఇలాంటి వోచర్ ఎంత మొత్తం దాకా ఒప్పుకుంటారో బయల్దేరే ముందే ఫైనాన్స్ ఆఫీసులో అడిగి రాసుకోండి.