గర్భం రాకుండా మూడు నెలలకో ఇంజక్షన్: నా అనుభవం

మా పాపని పెద్దాపరేషన్ చేసి తీశారు. ఇంకా కుట్లు మానకముందే మా అత్తమ్మ అంది, "వెంటనే రెండో కాన్పు కూడా అయిపోతే పిల్లల ఆపరేషన్ చేయించేసుకోవచ్చు అమ్మాయ్, ఒక పని అయిపోద్ది" అని. కోపంతో అన్న మాట కాదు. ఆవిడకి ఇరవై మూడో ఏట ఆపరేషన్ అయింది. మా అమ్మకీ, పిన్నికీ కూడా ఆ వయసులోనే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లైన ఆడవాళ్లలో దాదాపు 70 శాతం మంది ఆ ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే. దేశం మొత్తం తీసుకుంటే అది 38 శాతం. మా ఊళ్లో కాన్పుకీ కాన్పుకీ మధ్య ఎడం గురించి ఎవరైనా మాట్లాడగా నేను వినలేదు.

నాకు మాత్రం మూడేళ్లయినా ఎడం కావాలి. ప్రైవేటు స్కూల్లో టీచర్ని, జీతం తొమ్మిది వేలు. మా ఆయన కూడా సరేనన్నారు. కానీ ఎలా అన్నది ఇద్దరికీ తెలియదు.

మొదట మెడికల్ షాపుకి వెళ్లాను. కౌంటర్ దగ్గర నలుగురు మగవాళ్లుంటే దగ్గు మందు కొనుక్కుని వచ్చేశాను. రెండోసారి ఎవరూ లేనప్పుడు వెళ్లి నెమ్మదిగా అడిగాను. ఆ అబ్బాయి నా మొహం చూడకుండా 72 గంటల మాత్ర తీసి, పేపర్లో చుట్టి ఇచ్చాడు. వంద రూపాయల పైనే. అది ఎప్పుడో అత్యవసరానికి వేసుకునేదని నాకు తెలియదు. ఒకే నెలలో రెండుసార్లు వేసుకున్నాను. ఆ నెల నెలసరి పదకొండు రోజులు ఆలస్యమైంది. ఆ పదకొండు రోజులూ పాపకి పాలిస్తూ వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూనే ఉన్నాను. తెల్లవారుజామున బాత్‌రూమ్‌లో టెస్టు కిట్ పట్టుకుని, రెండో గీత వస్తుందేమోనని కళ్లు మూసుకున్న రోజు ఇప్పటికీ మర్చిపోలేను.

తర్వాత టౌన్లో ఒక ప్రైవేటు క్లినిక్‌కి వెళ్తే, గర్భం రాకుండా గర్భసంచిలో పెట్టే కాపర్ టీకి స్కానింగ్‌తో కలిపి నాలుగు వేల పైన చెప్పారు. తిరిగొచ్చేశాను.

దారి చూపించింది మా ఆశా వర్కర్. పాపకి తొమ్మిదో నెల టీకా గురించి చెప్పడానికి వస్తే, గుమ్మంలో నిలబెట్టి గబగబా అడిగేశాను. "అదేంటమ్మా, గర్భం రాకుండా మూడు నెలలకోసారి వేసే అంతర ఇంజక్షన్ ఉంది, ఛాయ మాత్రలున్నాయి, కాపర్ టీ ఉంది. అన్నీ ఫ్రీనే. నువ్వు అడగలేదుగా" అంది. నిజమే, అడగలేదు. కానీ అడగడానికి పేరైనా తెలియాలి కదా! కడుపుతో ఉన్న తొమ్మిది నెలలూ చెకప్‌లకి తిరిగాను. ఐరన్ మాత్రలు, టీకాలు, బరువు, అన్నీ కార్డులో రాశారు. ఈ మాట ఒక్కరూ ఎత్తలేదు. కాన్పు అయిన 48 గంటల్లోపే, పెద్దాపరేషన్ అయితే ఆ బల్ల మీదే కాపర్ టీ పెట్టొచ్చట. ఇది నాకు తెలిసేసరికి పాపకి పళ్లొచ్చేశాయి.

పీహెచ్‌సీలో ఒకావిడ "ఒక్క బిడ్డకే ఇంజక్షన్ ఏంటి? మీ అత్తగారికి తెలుసా? మీ ఆయన్ని తీసుకురా" అంది. నా గొంతు పూడుకుపోయింది. లోపలున్న స్టాఫ్ నర్సు వినబట్టి సరిపోయింది. "దీనికి భర్త సంతకం అక్కర్లేదు, రామ్మా" అని పిలిచి కూర్చోబెట్టింది. బీపీ చూసింది, నెలసరి తేదీ అడిగింది, కడుపు లేదని టెస్టు చేసి నిర్ధారించుకుంది. జబ్బకి ఇంజక్షన్ చేశాక అలవాటు కొద్దీ నేను రుద్దబోతే చెయ్యి పట్టుకుని ఆపింది. రుద్దకూడదట, వేడి కాపడం పెట్టకూడదట. మందు నెమ్మదిగా ఒంట్లోకి దిగాలట.

నెలసరి తప్పితే చెడు రక్తం లోపలే గడ్డ కడుతుందని మా వాడలో అనుకుంటారు. ఆ భయం చెబితే ఆవిడ నవ్వలేదు. "ఈ మందు వల్ల గర్భసంచి లోపలి పొర పల్చగానే ఉంటుందమ్మా. పొర కడితే కదా రాలేది? లోపల ఏమీ నిలవుండదు" అంది. పాలిచ్చే తల్లులు కాన్పైన ఆరు వారాల తర్వాత వేయించుకోవచ్చని చెప్పింది. ఇంకో మాట కూడా దాచలేదు: మానేశాక మళ్లీ గర్భం రావడానికి, చివరి ఇంజక్షన్ నుంచి లెక్కేస్తే, ఏడు నుంచి పది నెలలు పట్టొచ్చని. రెండో బిడ్డ కావాలనుకునేవాళ్లు ఈ లెక్క ముందే వేసుకోవాలి.

మొదటి డోసు తర్వాత ఇరవై రోజులు కొద్దికొద్దిగా మరక కనిపించింది. ముందే చెప్పబట్టి టెన్షన్ పడలేదు. మూడో డోసుకి నెలసరి ఆగింది.

నాలుగో డోసు తేదీకి వెళ్తే స్టాక్ లేదన్నారు. పై వారం రమ్మన్నారు, అప్పుడూ లేదు. స్కూల్లో రెండు హాఫ్ డే జీతాలు పోయాయి. ఆశా వర్కర్ "గడువు దాటినా నాలుగు వారాల వరకు వేయించుకోవచ్చు, కంగారు పడకు" అని, ఇంకో ఆసుపత్రిలో కనుక్కుని పంపించింది. పన్నెండో రోజున దొరికింది. బస్సు ఖర్చు పెట్టుకోలేనివాళ్లు, సెలవు అడగలేనివాళ్లు ఆ డోసు మానేస్తారు, మళ్లీ ఆ మెడికల్ షాపుకే వెళ్తారు. ఫ్రీ అని బోర్డు పెడితే చాలదు, వెళ్లినరోజు సీసా ఉండాలి.

మొన్న మా పక్కింటి అమ్మాయి, ఐదు నెలల బాబు తల్లి, డాబా మీద బట్టలు ఆరేస్తూ "అక్కా, నువ్వేదో ఇంజక్షన్ వేయించుకుంటున్నావంటగా" అని అడిగింది. బీరువాలోంచి కార్డు తెచ్చి చూపించాను. వాళ్లత్తగారు పైకి వచ్చేలోపు ఫోన్లో ఫొటో తీసుకుంది. మంగళవారం నా ఐదో డోసు. తనూ నాతో వస్తానంది.